ఉప్పుగాలిలో వెండితెర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సముద్రపు ఒడ్డు ఊళ్లలోని పాత పేట సినిమా హాళ్ల మీద వచ్చిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. "చిన్నప్పుడు చూసింది నిజమేనా, నా ఊహా?" అన్న సందేహం చాలా ఉత్తరాల్లో కనిపించింది. హాల్లో జరిగిన ప్రతి వింతకూ మిషన్లోనో గాలిలోనో ఒక కారణం ఉండేది. అది తెలిస్తే జ్ఞాపకానికి రుజువు దొరికినట్టే.

ప్రశ్న: బొమ్మ నడుస్తుండగా తెర అంచులు గోధుమ రంగుకు తిరిగి, మొత్తం మసకబారి, ఉన్నట్టుండి మళ్లీ తెల్లగా వెలిగేది. కరెంటు తగ్గడం వల్లేనా?

అన్నిసార్లూ కాదు. అప్పటి ప్రొజెక్టర్‌లో బల్బు లేదు. ఎదురెదురుగా నిలిపిన రెండు కార్బన్ కడ్డీల మధ్య మండే విద్యుత్ జ్వాలే దీపం. గోడలో వచ్చే ఏసీ కరెంటును రెక్టిఫయర్ డీసీగా మార్చి పంపేది. రెండు కడ్డీలనూ ఒక్కసారి తాకించి, కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి లాగితే జ్వాల పుడుతుంది. అసలు వెలుగు ఎక్కువగా పాజిటివ్ కడ్డీ కొనలో ఏర్పడే చిన్న గుంట నుంచి వస్తుంది. వెనకున్న పుటాకార అద్దం ఆ వెలుగును ఫిలిం మీదికి పోగుచేస్తుంది.

కడ్డీలు కొవ్వొత్తుల్లా అరిగిపోతాయి, పాజిటివ్ కడ్డీ మరీ త్వరగా. రెండింటినీ ముందుకు జరపడానికి చిన్న మోటారు ఉండేది. పాత మిషన్లలో ఆపరేటరే చేత్తో పిడి తిప్పేవాడు. జరపడం ఆలస్యమైతే ఎడం పెరిగి, గుంట అద్దం కేంద్రం నుంచి తప్పుకుంటుంది. మీరు చూసిన గోధుమ రంగు అదే. ఆపరేటర్ నల్లద్దంలోంచి చూసి పిడి తిప్పగానే తెల్లని వెలుగు తిరిగొచ్చేది. కడ్డీల తుంటలను పారేయకుండా రాగి గొట్టంతో అతికి ఆఖరి అంగుళం దాకా వాడిన హాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అతుకు దగ్గరికొచ్చేసరికి జ్వాల నిలకడ తప్పుతుంది.

సముద్రం దగ్గరి హాళ్లకు మరో చిక్కు కూడా ఉంది. కార్బన్ పొగ పోవడానికి ప్రతి దీపపు పెట్టె నుంచి కప్పు పైకి రేకు గొట్టం ఉండేది. గాలి జోరుగా ఉన్న రోజున ఆ గొట్టంలోంచి ఎదురుగాలి దిగితే జ్వాల రెపరెపలాడుతుంది. తుపాను ముందు రోజుల్లో బొమ్మ "ఊగింది" అని మీకు గుర్తుంటే, అది గాలి చేసిన పనే కావచ్చు. గొట్టం తలకు టోపీ, లోపల గాలిని అదుపు చేసే రేకు బిళ్ల ఉన్న హాళ్లలో ఈ బాధ తక్కువ.

తర్వాతి కాలంలో జెనాన్ దీపాలు వచ్చాక ఇదంతా పోయింది. "వెలుగు ఊగేది" అన్న జ్ఞాపకం ఉందంటే మీరు చూసింది కార్బన్ కాలమనే చెప్పవచ్చు.

ప్రశ్న: తెర కుడి పైమూల ఒక గుండ్రటి మచ్చ మెరిసి పోయేది. అది ఫిలిం పాడవడమా?

కాదు, ఆపరేటర్‌కు సంకేతం. ఫిలిం సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. అడుగుకు 16 ఫ్రేములు కాబట్టి నిమిషానికి 90 అడుగులు. అంటే 1000 అడుగుల రీలు 11 నిమిషాలు, 2000 అడుగులది 22 నిమిషాలు ఆడుతుంది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగుల ఫిలిం కావాలి. అంత ఫిలింను అప్పటి మిషన్ ఒక్క చుట్టగా మోయలేదు. అందుకే రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టి ఒకటి విడిచి ఒకటి నడిపేవారు.

రీలు అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు మొదటి మచ్చ పడుతుంది. అప్పుడు రెండో మిషన్ మోటారు వేయాలి. ఆఖరి సెకనులో రెండో మచ్చ పడగానే ఇటు వెలుగు మూసి అటు తెరవాలి, శబ్దాన్నీ మార్చాలి. రెండు మచ్చల మధ్య ఉన్న ఆ 7 సెకన్లలో పదిన్నర అడుగుల ఫిలిం నడిచిపోతుంది. మిషన్ పూర్తి వేగం అందుకోవడానికే ఆ వ్యవధి. ఒక్కో మచ్చ 4 ఫ్రేముల మీదే ఉంటుంది, అంటే సెకనులో ఆరో వంతు. ఆపరేటర్ రెప్పవేస్తే తప్పిపోతుంది.

ఊరూరా తిరిగిన ప్రింటులో రీలు చివరలే ముందుగా చిరుగుతాయి. తెగిన చోటల్లా ఒకటి రెండు ఫ్రేములు కత్తిరించి అతికేవారు. కొన్నాళ్లకు మచ్చలున్న ముక్కే పోయేది. అప్పుడు ఒక ఆపరేటర్ ఫిలిం మీద సూదితో గీతలు గీస్తే, తర్వాతి ఊరి ఆపరేటర్ ఇంకో గీత గీసేవాడు. రీలు చివర వరసగా నాలుగైదు గుర్తులు కనబడటానికి అదే కారణం. ఒక్క ప్రొజెక్టరే ఉన్న చిన్న హాల్లో ప్రతి రీలుకూ లైట్లు వెలిగేవి. "మా హాల్లో ఇంటర్వెళ్లు చాలా ఉండేవి" అని రాసిన పాఠకురాలికి ఇదే జవాబు.

ప్రశ్న: మాట ముందు వినబడి పెదవులు తర్వాత కదిలేవి. ఒక్కోసారి తల కిందా కాళ్లు పైనా. ఎందుకలా?

రెండూ ఫిలిం ఎక్కించడంలో పొరపాట్లే, కాని వేర్వేరు. ఫిలిం మీద బొమ్మకూ దాని శబ్దానికీ మధ్య సుమారు 20 ఫ్రేముల దూరం ఉంటుంది. బొమ్మ గేటు దగ్గర, అంటే వెలుగు ఫిలింను దాటే కిటికీ దగ్గర, ఆగి ఆగి కదలాలి, శబ్దం చదివే డ్రమ్ము మీద మాత్రం ఏకధారగా జారాలి. ఆ రెండు నడకల మధ్య సర్దుబాటుకు ఫిలింను కొంచెం వదులుగా, లూపుగా వదులుతారు. లూపు మరీ చిన్నదైతే మాట ముందొస్తుంది, పెద్దదైతే వెనకబడుతుంది. ఒక్కో ఫ్రేము తేడా సెకనులో 24వ వంతు. రెండు ఫ్రేముల వరకు ఎవరూ పట్టించుకోరు, నాలుగైదు దాటితే అందరికీ తెలుస్తుంది. చిరిగిన చిల్లుల దగ్గర ఫిలిం జారి లూపు బిగుసుకుపోతే బొమ్మ ఎగరడం, శబ్దం వణకడం కూడా మొదలవుతాయి.

వెనక వరసల్లో కూర్చున్నవారికి ఇంకో సంగతి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. తెరకు 30 మీటర్ల దూరంలో ఉంటే ఫిలిం సవ్యంగా ఉన్నా మాట రెండు ఫ్రేములు ఆలస్యమే.

ఇక తల కిందికి దిగడం. ఒక్కో ఫ్రేముకు ఇరువైపులా నాలుగేసి చిల్లులు. మాల్టీస్ క్రాస్ అనే నాలుగు గాట్ల చక్రం పావు చుట్టు తిరిగితే, దానికి బిగించిన 16 పళ్ల స్ప్రాకెట్ (ఫిలిం చిల్లుల్లో పళ్లు దూరే చక్రం) నాలుగు పళ్లు తిరిగి, సరిగ్గా ఒక ఫ్రేము కిందికి దిగుతుంది. ఫిలింను ఒక్క చిల్లు అటూ ఇటూగా ఎక్కించినా, అతుకు తప్పు చిల్లు దగ్గర వేసినా, ఫ్రేముల మధ్య నల్లగీత తెర మీదికొస్తుంది. సరిచేయడానికి మిషన్‌కు ప్రత్యేకంగా ఒక పిడి ఉంది. జనం ఈలలు వేసేది ఆపరేటర్ ఆ పిడి పట్టుకునేదాకానే.

హాలంతా వినబడిన "గుర్ర్" మోత కూడా చాలామంది అడిగారు. శబ్దపు గీత బొమ్మకూ చిల్లులకూ నడుమ సన్నగా ఉంటుంది. ఫిలిం పక్కకు జరిగితే శబ్దపు దీపం కాంతి చిల్లుల మీద పడుతుంది. సెకనుకు 24 ఫ్రేములు, ఫ్రేముకు 4 చిల్లులు, మొత్తం 96. ఆ 96 కొట్టుళ్ల మోతే మీరు విన్నది.

ప్రశ్న: సముద్రానికి దగ్గరున్న హాళ్లే ముందు శిథిలమయ్యాయంటారు. జనం తగ్గడం కాక వేరే కారణం ఉందా?

ఉంది. దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర ఎండి ఉప్పు రేణువులవుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని లాగి తానే కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది కాబట్టి అంతకంటే తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. ఒడ్డున రాత్రుళ్లు తేమ ఈ హద్దు దాటడం మామూలే. అంటే ఇనుము మీద పడ్డ ఉప్పు రోజూ పగలు ఎండి, రాత్రి తడుస్తుంది. ఆ ఉప్పునీటి పొర తుప్పును ఎన్నో రెట్లు తొందరపెడుతుంది.

మొదటి దెబ్బ తెర చట్రానికి. తెరను చుట్టూ కంతల్లోంచి తాళ్లతోనో స్ప్రింగులతోనో ఇనుప చట్రానికి బిగించి కడతారు. స్ప్రింగు తుప్పుపట్టి తెగితే అక్కడ ముడత పడుతుంది, ఆ ముడత మీద హీరో ముఖం వంకర పోతుంది. తెర నిండా మిల్లీమీటరు వెడల్పు సన్నని రంధ్రాలు ఉంటాయి. స్పీకర్లు తెర వెనకే ఉంటాయి, శబ్దం రంధ్రాల్లోంచే రావాలి. ఉప్పు, దుమ్ము, సిగరెట్ పొగ కలిసి జిడ్డుగా పేరుకుని వాటిని పూడ్చేస్తాయి. ముందు పోయేవి కీచు స్వరాలు: స, ష, చ అక్షరాలు. మాట వినబడుతుంది కాని ఏమన్నాడో తెలియదు. తడిగుడ్డతో తుడిస్తే మురికి రంధ్రాల్లోకి ఇంకా దిగబడుతుంది. మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి దులపాలి, వెనక నుంచి వాక్యూమ్ పట్టాలి. అల్యూమినియం పూత తెరలైతే ఉప్పుకు మచ్చలు పడతాయి, ఆ మచ్చ మళ్లీ పోదు. తెరకు రంగు పూయించిన యజమానులు కూడా ఉండేవారు. రోలర్‌తో పూస్తే రంధ్రాలు పూర్తిగా మూసుకుపోతాయి, అది చేయకూడని పని.

రెండో దెబ్బ స్పీకర్లకు. అట్ట కోను చెమ్మకు మెత్తబడుతుంది. వెనకున్న అయస్కాంతపు సందు చాలా సన్నది. అందులో తుప్పు రేణువు చేరితే కోనును కదిలించే తీగచుట్ట (కాయిల్) రాసుకుని బొంగురు గొంతు వస్తుంది. ఆంప్లిఫయర్‌లో వాల్వుల (బల్బుల్లాంటి గాజు గొట్టాల) సాకెట్లు చిలుము పట్టి పచ్చబడతాయి. "టపటప" శబ్దాలు అక్కడివే. తెలిసిన ఆపరేటర్లు మొదటి ఆటకు గంట ముందే ఆంప్లిఫయర్ వేసి ఉంచేవారు. వాల్వుల వేడికి పెట్టెలో చెమ్మ ఆరిపోతుంది. రాత్రి పూట పెట్టెలో చిన్న బల్బు వెలిగించి వదలడం కూడా మంచి పద్ధతే.

మూడోది ఇసుక. జనం కాళ్లకంటి వచ్చేది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో, 7, అంటే మామూలు ఉక్కును కూడా గీస్తుంది. ఫిలిం మీద బొమ్మను మోసే జెలటిన్ పొర దానికి ఎంత? హాలు ఊడ్చినప్పుడు లేచిన దుమ్ము ఆపరేటర్ గదికి చేరితే రీలు చుట్టేటప్పుడు పొరల మధ్య ఇరుక్కుంటుంది. వదులుగా చుట్టిన రీలును కొస పట్టి లాగి బిగిస్తే పొరలు ఒకదాని మీద ఒకటి రాసుకుని నిలువు గీతలు పడతాయి. తెర మీద "వాన" కురిసేది అందుకే. ఎక్కువ వాన రీలు చుట్టేటప్పుడే తయారైంది, ప్రొజెక్టర్ గేటులో కాదు. రీలు చుట్టే బల్ల పక్కన కిటికీ మూసి ఉంచి, నేలను తడిగుడ్డతో తుడిచి, నెమ్మదిగా ఒకే బిగువుతో చుట్టిన చోట అదే ప్రింటు మెరుస్తూ ఆడేది.

జెలటిన్ గాలిలోని తేమను పీలుస్తుంది. గేటులో వేడి, రీలు మీద చెమ్మ. మెత్తబడ్డ పొర గేటు పట్టాల మీద గీరుకుపోయి నల్లటి పేరుకుడు అవుతుంది. అది గట్టిపడితే ఫిలింను గీస్తుంది. దాన్ని ఇనుప ముక్కతో గోకితే పట్టా పాడవుతుంది, అందుకే రాగి రేకో చెక్క పుల్లో వాడేవారు. రీలు రీలుకూ గేటు తుడవడం లోతట్టు ఊళ్లలో మంచి అలవాటు, సముద్రపు ఒడ్డున తప్పనిసరి.

ప్రశ్న: మొదటి ఆట మాటలు ఊరి లోపలి ఇళ్లకు వినబడేవి, రెండో ఆటవి వినబడేవి కావు. వాల్యూమ్ తగ్గించేవారా?

తగ్గించి ఉండవచ్చు, కాని గాలి చాలు. ఎండ కాసిన రోజున నేల సముద్రం కన్నా ముందు వేడెక్కుతుంది, గాలి సముద్రం మీంచి ఊళ్లోకి వీస్తుంది. సాయంత్రం దాకా అదే తీరు. రాత్రి నేల త్వరగా చల్లారాక గాలి తిరగబడి ఊళ్లోంచి సముద్రం మీదికి పోతుంది. గాలి వాలున పోయే శబ్దం నేలవైపు వంగి దూరం వినబడుతుంది, ఎదురుగాలికి పోయేది పైకి వంగి చెవులకందకుండా పోతుంది. కాబట్టి రెండో ఆట మాటలు ఒడ్డున ఉన్నవాళ్లకు బాగా వినబడి ఉండాలి. ఆ వైపు పెద్దవాళ్లను అడిగి చూడండి.

ప్రశ్న: కొన్ని సినిమాల్లో మనుషులు సన్నగా, పొడుగ్గా సాగినట్టు ఉండేవారు.

స్కోప్ ప్రింటుకు స్కోప్ లెన్సు పెట్టకపోవడం వల్ల. 1953లో వచ్చిన సినిమాస్కోప్‌లో బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిలిం మీద ముద్రిస్తారు, ఆడేటప్పుడు లెన్సు దాన్ని రెండింతలు విప్పుతుంది. ఆ లెన్సు వెనకున్న ఊహ ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ క్రెతియాఁది. లెన్సు తగిలించి కొంచెం తిప్పినట్టు పెడితే బొమ్మ ఒక పక్కకు ఒరిగినట్టు కూడా ఉండేది.

ప్రశ్న: పాత సినిమా మళ్లీ వేస్తే బొమ్మంతా ఎర్రగా ఉండేది. కార్బన్ తప్పేనా?

ఇది ప్రింటు తప్పు. 1980ల తొలి రోజుల దాకా వచ్చిన ఎక్కువ రంగుల ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ రంగు ముందుగా వెలిసిపోతుంది, గులాబీ ఎరుపు మిగిలిపోతుంది. వేడి, తేమ ఉన్న గదిలో ఇంకా త్వరగా. టెక్నికలర్ వారి పాత అచ్చు పద్ధతి ప్రింట్లు మాత్రం ఇలా వెలవవు.

ప్రశ్న: మా పేట హాలు ఇప్పుడు గోడౌన్. లోపలికి వెళ్లి చూసే అనుమతి దొరికింది. ఏం చూడాలి? ఒక పాత లెన్సు కూడా దొరికింది.

ముందు వెనక గోడ పైభాగం చూడండి. ఒక్కో ప్రొజెక్టర్‌కు రెండు కంతలు: ఒకటి వెలుగు పోవడానికి, ఒకటి ఆపరేటర్ చూడటానికి. నాలుగు కంతలుంటే రెండు మిషన్లు. అదనంగా ఒక చిన్నది ఉంటే స్లైడ్ల కోసం కావచ్చు. కంతల పక్కన ఇనుప గాడులు, కప్పీలు కనిపిస్తే అవి నిప్పు తలుపులవి. సుమారు 70 డిగ్రీల వేడికి కరిగే లోహపు ముక్క గొలుసును పట్టి ఉంచుతుంది. అది కరగగానే తలుపులన్నీ ఒక్కసారి పడి, మంట హాల్లోకి రాకుండా ఆపుతాయి. 1950ల తొలి రోజుల దాకా నైట్రేట్ ఫిలిం వాడుకలో ఉంది. దానికి నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇసుక వేసినా ఆరదు. ఆ భయంతో కట్టిన గది కాబట్టే గోడలు అంత మందం.

తర్వాత తెర గోడ. మధ్యలో చతురస్రానికి దగ్గరగా ఉన్న పాత చట్రం, దాన్ని రెండు పక్కలా పగలగొట్టి వెడల్పు చేసిన గుర్తులు ఉంటే ఆ హాలు 1953కు ముందు కట్టి, తర్వాత స్కోప్‌కు మార్చినదని నమ్మవచ్చు. పాత బొమ్మ వెడల్పు, ఎత్తుల కొలత 1.37కు 1, స్కోప్ 2.35కు 1.

లెన్సు మీద మిల్లీమీటర్లలోనో అంగుళాల్లోనో ఒక అంకె చెక్కి ఉంటుంది. వెలుగు కంత నుంచి తెర గోడకు దూరం టేపుతో కొలవండి. దూరాన్ని 21తో గుణించి లెన్సు అంకెతో (అంగుళాల్లో ఉంటే ముందు 25.4తో గుణించి మిల్లీమీటర్లు చేసుకుని) భాగిస్తే పాత కొలత బొమ్మ వెడల్పు వస్తుంది. దూరం 30 మీటర్లు, లెన్సు 100 మిల్లీమీటర్లు అనుకోండి: బొమ్మ 6.3 మీటర్లు. గోడ మీది పాత చట్రంతో అది సరిపోతే లెన్సు ఆ హాలుదే అయ్యుండాలి. లోపల సాలెగూడులాంటి తెల్లటి తీగలు ఉంటే అది బూజు. విప్పకండి, గుడ్డతో రుద్దకండి. పొడిగా, వెలుతురు తగిలేచోట పెట్టండి.

ప్రశ్న: ఇంట్లో అటక మీద రేకు డబ్బాలో రీళ్లు దొరికాయి. మూత తీస్తే వెనిగర్ వాసన. పారేయాలా?

పారేయవద్దు. ముందు అది ఏ ఫిలిమో తేల్చండి. 1950ల తొలి రోజులదో అంతకన్నా పాతదో అయితే నైట్రేట్ కావచ్చు. అంచు మీద "సేఫ్టీ" అనే ఇంగ్లిషు అక్షరాలుంటే అంత సులువుగా నిప్పంటుకోని అసిటేట్ అనుకోవచ్చు, అయితే పాత ప్రతి నుంచి తీసిన ప్రింటులో ఆ అక్షరాలు కూడా అచ్చయి ఉండవచ్చు కాబట్టి ఆ ఒక్క గుర్తునే నమ్మకండి. ముక్క కాల్చి చూసే పరీక్ష మాత్రం చేయకండి. జిగట, గోధుమ రంగు పొడి, బుడగలు కనిపిస్తే మూత వదులుగా పెట్టి, నిప్పుకూ ఎండకూ దూరంగా, ఇంటి బయట నీడపట్టున ఉంచి, ఫిలిం భద్రపరిచే ఆర్కైవ్‌కు ఫోన్ చేయండి. బస్సులోనో కొరియర్‌లోనో పంపవద్దు.

వెనిగర్ వాసన అసిటేట్‌ది. పొర విచ్చిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే కుళ్లును ఇంకా తొందరపెడుతుంది. మూసిన రేకు డబ్బా దానికి మరీ చెడ్డది. వాసన వచ్చే రీళ్లను మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయండి, లేకపోతే పక్కవాటికీ సోకుతుంది. తుప్పు డబ్బాలోంచి తీసి, గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో పడుకోబెట్టి ఉంచండి. 2000 అడుగుల రీలు సుమారు 5 కిలోల బరువు, నిలబెడితే వంగిపోతుంది. పాత డబ్బా మీద రాసిన ఊరి పేర్లు, తేదీలు, అతికించిన చీటీలు ఫొటో తీయండి, రీలు ఏయే హాళ్లలో ఆడిందో అక్కడే తెలుస్తుంది. కుళ్లు ఎంతవరకు వచ్చిందో చూపే రంగుపట్టీలు దొరుకుతాయి: నీలం నుంచి ఆకుపచ్చకు, ఆపైన పసుపుకు మారుతాయి. పసుపుకు తిరిగితే ఆలస్యం చేయకూడదు.

నూలు చేతితొడుగులు వేసుకుని, అంచులు మాత్రమే పట్టుకోండి. కొస నుంచి నాలుగైదు అడుగులకు మించి విప్పవద్దు. ముడుచుకుపోయిన ఫిలింను మామూలు ప్రొజెక్టర్‌కు ఎక్కిస్తే చిల్లులు స్ప్రాకెట్ పళ్లకు అందక మొదటి అడుగులోనే చిరుగుతాయి. స్కాన్ చేసేచోట, ముడుచుకున్న ఫిలింను పళ్లు లేని యంత్రం మీద నడుపుతారా అని ముందే అడిగి, ఆ తర్వాతే రీలు ఇవ్వండి.